సంతాపం తెలిపిన ప్లాస్మా టీవీ

టీవీలకు పొట్ట కరిగి, సన్నబడి, గోడెక్కుతున్న కాలం అది. అంతకుముందు టీవీ అంటే హాల్లో ఒక మూల గంభీరంగా కూర్చున్న పెద్దమనిషి. వెనకాల ఎంత పొడుగుంటే అంత మర్యాద. నెత్తిన లేసు గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. అలాంటిది పటంలా గోడకు వేలాడే టీవీలు వచ్చేసరికి మా కర్నూలు జనానికి కలిగిన మొదటి సందేహం, ఆ పూలకుండీ ఇప్పుడు ఎక్కడ పెట్టాలని. (నన్ను ఈ మాట అడిగినవాళ్లు ఒకరిద్దరు కారు. నేను ప్రతిసారీ చాలా సీరియస్‌గా ఆలోచించి జవాబు చెప్పేదాన్ని.) ఆ రోజుల్లో ఒక తెర ముందు మేమంతా ఎంత భయభక్తులతో నిలబడ్డామో ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

మాది నందికొట్కూరు. నాన్న దర్జీ. ఎలక్ట్రానిక్స్‌తో డిగ్రీ పూర్తి చేశాక, ఇరవై రెండేళ్ల వయసులో కర్నూల్లో ఒక టీవీల షోరూములో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ఇంటర్వ్యూలో ఓనరు సారు అడిగింది ఒకటే ప్రశ్న: "టీవీతో పాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటొస్తాది. అది చదివి మాకు అర్థమయ్యేటట్ల చెప్తావా పాపా?" చెప్తానన్నాను. ఉద్యోగం ఇచ్చేశారు. మరుసటి రోజు నుంచి నాన్న కొలతలు తీసుకునేటప్పుడు ప్రతి మనిషికీ, టేపు వాళ్ల మెడ చుట్టూ ఉండగానే, "మా పాప కర్నూల్లో టీవీ ఇంజనీరు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఎదిరించే పరిస్థితిలో ఎవరూ ఉండేవాళ్లు కాదు. నిజానికి ఇంజనీరు పొద్దున బస్సు దిగి షోరూముకు పోగానే చేసే మొదటి పని టీవీల దుమ్ము తుడవడం.

ఒక ఎండాకాలం షోరూముకు ప్లాస్మా టీవీ వచ్చింది. జిల్లాలో ఇదే మొదటిదని సారు అందరికీ చెప్పేవారు (అవునో కాదో ఎవరు చూడొచ్చారు). దాన్ని డబ్బాలోంచి తీయడానికి నలుగురు పట్టారు. గోడకు బిగించింది మా బద్వేలన్న. ఆయన ఊరు బద్వేలు, టీవీలు బిగించడం, బాగుచేయడం ఆయన పని. నేను పుస్తకం తీసి చదివి సారుకు వివరించాను: రెండు గాజు పలకల మధ్య లక్షల కొద్దీ చిన్న చిన్న గదులుంటాయి, ఒక్కో గదిలో గ్యాసు ఉంటుంది, కరెంటు తగిలితే ఆ గ్యాసు లోపలి రంగు పూతను వెలిగిస్తుంది, అదే బొమ్మ. సారు మొత్తం శ్రద్ధగా విని, అందులోంచి "గ్యాసు" అనే ఒక్క మాట ఏరుకున్నారు. వచ్చిన ప్రతివాళ్లతో "ఇది మామూలు టీవీ కాదప్పా, గ్యాసుతో నడుస్తాది" అనేవారు. ఒకాయన ముందుకు వంగి టీవీ కింద వెతికి, "సిలిండరు ఎన్నాళ్లొస్తాది సార్? అయిపోతే మల్ల బుక్ చేసుకోవాల్నా?" అని అడిగాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పుస్తకంలో టీవీ గొప్పతనం చెప్పిన పేజీలన్నీ నేను రెండుసార్లు చదివాను. "జాగ్రత్తలు" అని ఉన్న పేజీలు మాత్రం తిప్పేశాను. జాగ్రత్తలంటే ఏముంటాయి, తడి చేత్తో ముట్టుకోవద్దు, పిల్లలకు అందనివ్వద్దు, అంతే కదా అనుకున్నాను.

ప్లాస్మాకు తగిన మర్యాద జరగాలని నాకొక ఆలోచన వచ్చింది. వచ్చేవాళ్లకు ఆ తెర మీద తెలుగులో స్వాగతం పలికితే ఎంత బాగుంటుంది! సారు పొంగిపోయారు. పక్క సందులో ఫ్లెక్సీలు చేసే డీటీపీ అన్న దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. పైన జోడించిన చేతుల బొమ్మ, దాని కింద పసుపు రంగులో "మీ రాక మాకెంతో", ఆ కింద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాల్లో "సంతోషం". ఇదీ నా ఊహ. ఆ అన్న ఆ పొద్దున ఎవరో పెద్దాయన పోతే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చేస్తూ ఉన్నాడు. ఆ ఫైలు మీదే నాదీ చేసిపెట్టాడు. "చూసుకో పాపా, తప్పులేమన్నా ఉండాయేమో" అన్నాడు. చూశాను. చేతులు చూశాను, పసుపు రంగు కొంచెం పెంచమన్నాను, అక్షరాల చివర వంపులు ముచ్చటగా ఉన్నాయని మెచ్చుకున్నాను. అన్నీ చూసి "సూపరన్నా" అని సీడీ తీసుకుని వచ్చేశాను.

సీడీని డీవీడీ ప్లేయర్లో పెడితే బొమ్మ దివ్యంగా వచ్చింది. ఒకటే ఇబ్బంది. అయిదు నిమిషాలు కాగానే ఆ ప్లేయరు నా బొమ్మను తీసేసి, ఒక చిన్న బంతిని తెరంతా అటూ ఇటూ తిప్పేది. నాకు ఒళ్లు మండిపోయింది. మెనూలన్నీ వెతికి ఆ బంతిని శాశ్వతంగా ఆపేశాను. (ఆ బంతి ప్లాస్మాను కాపాడటానికే తిరుగుతోందని, ఆ ప్లేయరుకు నాకన్నా తెలివి ఉందని నాకప్పుడు తెలియదు.) ఎండ వెలుతురుకు బొమ్మ మసకగా ఉందని సారు అంటే, వెలుగు, కాంట్రాస్టు రెండూ చివరికంటా పెంచాను. పొద్దున షట్టరు తీసినప్పటి నుంచి రాత్రి మూసేదాకా, పన్నెండు రోజులు ప్లాస్మా అందరికీ చేతులు జోడించింది.

పదమూడో రోజు ఒకాయన వచ్చాడు. నున్నటి గుండు, నుదుట నామం, పక్కన చేతికర్రతో వాళ్ల నాయన. సారు ఎదురెళ్లి కుర్చీలు వేయించారు. పెద్దాయన ప్లాస్మా ఎదురుగా కూర్చుని, వేలితో గాలిలో గీసుకుంటూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు. "మీ... రాక... మాకెంతో... సం... తా... పం." నా వైపు తిరిగి, ఎంతో జాలిగా, "ఎవురు పోయినారు బిడ్డా?" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తెర వైపు చూశాను. పన్నెండు రోజులుగా నేను సంతోషం అని చదువుతున్నది సంతాపం అని అప్పుడు చదివాను. గుండాయన కూడా చదివాడు. చదివి, తన గుండు తడుముకుని, నాయన వైపు చూసి, సారు వైపు చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందప్పా ఇది? కొండకు పోయి మొక్కు తీర్చుకోనొస్తే సంతాపమంటారా? మా నాయన ఈడ రాయి మాదిరి కూసోనుండాడు, కనపడల్యా నీకు?"

సారు "అయ్యో, అది మీకు కాదప్పా" అన్నారు. "మరి ఎవురికి?" అన్నాడాయన. పెద్దాయన మాత్రం శాంతంగా, "పోనీలేరా, నేను పోయినాక సెప్పేది ముందే సెప్పినారనుకుందాం" అంటూ కర్ర అందుకున్నాడు. ఇద్దరూ ఎదురు షాపులోకి పోయి టీవీ కొనుక్కోవడం అద్దంలోంచి మేం కళ్లారా చూశాం.

సారు నా వైపు తిరిగారు. నేను పరుగెత్తి సీడీ తీసేశాను. తెర నల్లబడింది. హమ్మయ్య అనుకున్నాను. నల్లటి తెర మీద, పొగలోంచి తేలినట్టు, మెల్లగా అక్షరాలు కనబడ్డాయి. మీ రాక మాకెంతో సంతాపం. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాను. ఉంది. క్రికెట్ పెట్టాను. బ్యాట్స్‌మన్ అవుటై తల దించుకుని పోతుంటే అతని నడుం చుట్టూ సంతాపం. ఎవరికో బహుమతి వచ్చిందని వార్తల్లో చెబుతున్న అమ్మాయి మెడలో సంతాపం. సీరియల్లో పెళ్లి జరుగుతోంది, తాళిబొట్టుకు సరిగ్గా వెనకాల సంతాపం.

బద్వేలన్న వచ్చి దగ్గరగా, దూరంగా, పక్కనుంచి చూశాడు. "పాపా, చాప మీద పండుకోని లేస్తే వీపు మీద అచ్చులు పడతాయే, అట్లాంటిదైతే కాసేపటికి పోతాది. ఇది వాత. కాలినట్టు లెక్క" అన్నాడు. ఒకే బొమ్మ గంటల తరబడి నిలబడిపోతే, అక్కడున్న గదుల్లో రంగు పూత మిగతా వాటికన్నా ముందే అరిగిపోతుందట. అరిగిన చోటు మళ్లీ నిండదు. కొత్త తెరకైతే ఇంకా తొందరగా పడుతుందట. "పుస్తకంలో రాసింటారే, నువ్వు సదివినావు గదా?" అన్నాడు అమాయకంగా. నేను ఆ పూట స్టోరు రూములో అట్టపెట్టెల మధ్య కూర్చుని జాగ్రత్తల పేజీలు చదివాను. మొదటి వంద గంటలు వెలుగు తగ్గించి వాడండి. కదలని బొమ్మలు, ఛానెల్ గుర్తులు, కింద పరుగెత్తే వార్తల పట్టీలు ఎక్కువసేపు ఉంచకండి. అటూ ఇటూ నల్ల పట్టీలతో వచ్చే చిన్న బొమ్మను అలాగే వదిలేయకండి. నేను చేసిన ప్రతి పనీ చేయవద్దని అక్కడ రాసి ఉంది. కంపెనీ వాళ్లు నన్ను ముందే ఎక్కడో చూసి రాశారేమో అనిపించింది.

సారు అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. "పది రోజులు చూస్తా. తుడుస్తావో, కడుగుతావో నీ ఇష్టం. కాకుంటే ఇంగ నీకు నాకు కష్టమే పాపా" అన్నారంతే. ఆ సాయంత్రం బస్సులో నందికొట్కూరు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఇంట్లో నాన్న కాజాలు కుడుతూ, "ఏమ్మా ఇంజనీరూ" అనగానే ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పాను. సంతాపం దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజాలు కదిలాయి. నాతో పాటు ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"నేనొకసారి పెళ్లికొడుకు కోటుకు రెండూ ఎడమ చేతులే కుట్టినాలే" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఏం చేసినావు నాయనా?"

"ఏం చేస్తా? తప్పయింది సామీ, అని చెప్పి చేతిలో పెట్టినా."

"ఏమన్నాడు?"

"తిట్నాడు. శానా తిట్నాడు. మల్ల కొడుక్కు నిక్కరు కుట్టించుకోనీకి నా దగ్గరికే వచ్చినాడు."

మరుసటి రోజు నుంచి వైద్యం మొదలైంది. టీవీ మెనూలోనే ఒక చికిత్స ఉంది, తెల్లటి పట్టీ ఒకటి తెర మీద ఆ చివర నుంచి ఈ చివరకు అదే పనిగా నడుస్తుంది. అది కొన్ని గంటలు, తర్వాత నిండుగా కదిలే బొమ్మలు కొన్ని గంటలు. వెలుగు సగానికి తగ్గించాం. నేను టిఫిన్ డబ్బా తెర ముందే తెరిచి, రోగి మంచం పక్కన కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. నాలుగో రోజుకు జోడించిన చేతులు కరిగిపోయాయి. ఆరో రోజుకు "మీ రాక" పోయింది. ఎనిమిదో రోజుకు "మాకెంతో" కూడా సెలవు తీసుకుంది. మిగిలింది ఒక్కటే మాట. పెద్ద అక్షరాలు, పైగా తెల్లవి కాబట్టి అది గట్టిగా కాలింది. వాక్యంలో పనికొచ్చే మాటలన్నీ పోయి, సంతాపం ఒక్కటి నిలబడింది. అయితే అదీ చాలా పలచబడింది. వెలుతురున్న దృశ్యాల్లో అసలు కనబడదు, చీకటి దృశ్యంలో మాత్రం పైకి తేలుతుంది.

సారు చూసి తృప్తిపడ్డారు. "ఇంగ అమ్మేయొచ్చు. పాటలు పెట్టు, పగలు తీసిన పాటలు. చీకటి సీను పెట్టాకు, అంతే" అన్నారు. నేను తలూపాను. (నాన్న కోటు కథ గుర్తుంది. ఉద్యోగం కూడా గుర్తుంది. రెండో గుర్తే బలంగా ఉంది.)

తొమ్మిదో రోజు కోయిలకుంట్ల నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. భూములున్న ఇల్లు, చెబితే నలుగురూ వినే మనిషి అని నడకలోనే తెలుస్తోంది. కళ్లు మసకబారాయని, హాల్లోకి పెద్ద టీవీ కావాలని వచ్చింది. సారు స్వయంగా సోడా తెప్పించారు. నేను పూలతోటలో తీసిన పాట పెట్టాను. బొమ్మ నిజంగానే కన్నులపండువగా ఉంది. పెద్దమ్మ ముచ్చటగా చూసి, నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, "బాగుండాది పాపా. లోపమేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు. నువ్వు ఆడపిల్లవి, నన్ను మోసం చెయ్యవులే" అంది.

సారు నా వెనకాలే నిలబడి గొంతు సవరించుకున్నారు. లోపమేమీ లేదు పెద్దమ్మా అని నేను చెప్పాలి. మూడే మాటలు. నోరు తెరిచాను. ఏమైందో నాకే తెలియదు, చెయ్యి రిమోటు మీదికి పోయి పాట ఆపేసింది. తెర నల్లబడింది. అందులోంచి మెల్లగా అది లేచింది.

పెద్దమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని చదివింది. "సంతాపమా?"

ఇంక ఆగలేదు. డీటీపీ అన్న, ఫ్లెక్సీ, నేను ఆపేసిన బంతి, గుండాయన, వాళ్ల నాయన, తిప్పేసిన పేజీలు, అన్నీ చెప్పేశాను. ఇది వాత అని, పూర్తిగా పోదని, చీకటి సీన్లలో కనబడుతుందని కూడా చెప్పాను. సారు ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. బద్వేలన్న గోడకేసి తిరిగి, అవసరం లేని ఒక స్క్రూ బిగించడం మొదలుపెట్టాడు.

పెద్దమ్మ ముందు చిన్నగా నవ్వింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడి, సోడా గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది. "మీ రాక మాకెంతో సంతాపమని రాసినారా! ఆ ముందర మాటలు ఏమిటికి చెరిపినారమ్మా! మా ఇంటికి దినామూ వచ్చే సుట్టాలకు నేను చెప్పలేక సస్తాండేది అదే గదా!" అంది. సారు కూడా నవ్వొచ్చో రాదో తెలియక సగం నవ్వారు. ఆమె ఆయన వైపు తిరిగి, "ఇదే ఇయ్యప్పా. వాత పడిందానికి తగ్గట్ల ధర తగ్గించు. అయితే ఒగటి, ఈ పాపే మా ఇంటికొచ్చి దీన్ని ఎట్ల చూసుకోవాల్నో చెప్పాల. తప్పు చేసినోళ్లకే జాగ్రత్త బాగా తెలుస్తాది" అంది.

అలా నేను కోయిలకుంట్ల పోయాను. బద్వేలన్న టీవీ బిగిస్తుంటే, హాల్లో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. ఈసారి పుస్తకంలో మాటలు కాదు, నా సొంత మాటలు. వెలుగు ఎక్కువ పెట్టొద్దు. బొమ్మ ఆపేసి పనిమీద పోవద్దు. పొద్దస్తమానం ఒకే ఛానెల్ పెడితే మూలనున్న ఆ గుర్తు తెర మీద వాత పెడుతుంది, గంటకొకసారి మార్చండి. ఈ చివరి మాట అనగానే పెద్దమ్మ కోడలు చటుక్కున తలెత్తింది. అప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో రిమోటు పెద్దమ్మ కొడుకు చేతిలో ఉంటుందని, ఆయన పొద్దున లేచింది మొదలు ఒకే వార్తల ఛానెల్ చూస్తాడని, కోడలు సీరియల్ చూసి నెలలయిందని. "ఏందీ, గంటకు మార్చాల్నా? ఖచ్చితంగానా?" అని ఆమె నన్ను మూడుసార్లు అడిగింది. ఖచ్చితంగా మార్చాలన్నాను. పెద్దమ్మ కొడుకు "వార్తలకు కూడానా?" అన్నాడు నీరసంగా. "వార్తలకే ముఖ్యంగా, కింద పట్టీ ఉంటుంది కదన్నా" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

రెండు నెలల తర్వాత పెద్దమ్మ షోరూముకు ఫోను చేసింది. ఏదో పాడైందని భయపడుతూ తీసుకున్నాను. "పాపా, మా ఇంట్లో ఇప్పుడు కొట్లాటల్లేవు. గంట నాకు భక్తి, గంట కోడలికి సీరియలు, గంట పిల్లోళ్లకు బొమ్మలు, గంట వానికి వార్తలు. ఎవురన్నా లేయకపోతే, వాత పడతాది లెయ్యి అంటే సాలు. ఇన్నేండ్లూ నేను చెప్తే ఇన్లేదు, టీవీ చెప్తే ఇంటాండారు" అంది. ఆ మాట సారుకు చెప్పాను. ఆయన ఆ వారమే నాతో జాగ్రత్తలన్నీ తెలుగులో రాయించి, ప్రతి డబ్బాలో ఒక కాగితం పెట్టించారు. అచ్చుకు పోయేముందు ఆ కాగితాన్ని ఆయన, నేను, బద్వేలన్న ముగ్గురం విడివిడిగా పైకి చదివాం.

తర్వాత పెళ్లయి కడపకు వచ్చాను. ఇక్కడే చిన్న టీవీ రిపేరు షాపు పెట్టుకున్నాను. నాన్న చెప్పిన అబద్ధం ఆయన బతికుండగానే ముప్పాతిక నిజమైంది. ప్లాస్మా టీవీలు చేయడమే మానేశారు. పెద్దమ్మ టీవీ మాత్రం పదకొండేళ్లు నడిచి, పవర్ బోర్డు పోయి ఆగిపోయింది. సామాన్లు దొరకవని నేనే వెళ్లి చెప్పాను. పోయిన నెల వాళ్లు కొత్త ఎల్ఈడీ కొన్నారు, నేనే వచ్చి చూడాలని పెద్దమ్మ పట్టుబట్టింది. వెళ్లి కాఫీ తాగుతూ కూర్చున్నాను. పెద్దమ్మ కొడుకు వార్తలు చూస్తున్నాడు. గడియారం మోగింది. ఎవరూ ఏమీ అనకముందే ఆయన లేచి, రిమోటు భార్య చేతిలో పెట్టి, పెరట్లోకి పోయాడు.

ఈ కొత్త తెరకు ఆ భయం లేదని, గంటకొకసారి మార్చనక్కర్లేదని ఆ ఇంట్లో తెలిసింది నా ఒక్కదానికే. ఇరవై రెండేళ్లప్పటి ఆ పిల్లయితే కాఫీ గ్లాసు కింద పెట్టి, అడక్కపోయినా, అక్కడికక్కడే మొత్తం చెప్పేసి ఉండేది. నేను ఆమె వయసును తలుచుకుని నవ్వుకుని, కోడలితో పాటు సీరియల్ చివరిదాకా చూసి, కడప బస్సెక్కాను.